మీదికెక్కిన పేరు

కోరుట్ల,
22 జూన్ 2025

తమ్ముడు ప్రసాదుకు,

అక్క ఊర్మిల దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం అని మొదట రాయడం రివాజు కాబట్టి రాశాను. బాగున్నామో లేదో కిందికి చదివితే నీకే తెలుస్తుంది.

ఇన్ని రోజులు జవాబు రాయలేదని కోపంగా ఉన్నావట. ఈసారి కంపెనీ ఇచ్చిన తునికాకు బాగాలేదు. నానబెట్టినా చిరుగుతోంది. పొద్దంతా చేటలో తల పెట్టి కూర్చున్నా బీడీల లెక్క పూర్తి కావడం లేదు. నీ దగ్గర ఫోన్ ఉంటే ఈ రాత బాధ ఉండేది కాదు. సిరిసిల్ల మొత్తంలో ఫోన్ లేని మనిషివి నువ్వొక్కడివే కావచ్చు. వినపడనోడికి ఫోన్ ఎందుకని నువ్వంటావు, సరే. కనీసం ఫొటోలైనా చూసేవాడివి కదా!

అక్షిత జగిత్యాల కాలేజీ నుంచి కిందటి ఆదివారం ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే నా ఫోన్‌లో ఒక ఆట వేసింది. "అమ్మా, మీ కాలంల పెద్ద మిషన్ల మీద ఆడేటోళ్లంట గిది. మళ్ల అచ్చింది సూడు" అంది. పైనుంచి ఇటుకలు ఒక్కొక్క తీరువి పడుతుంటాయి. తిప్పి, జరిపి పేర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది. నిండకపోతే పైదాకా పేరుకుపోయి ఆట అయిపోతుంది. అయిపోయాక పేరుకు బదులు మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టమంటుంది. ఆ మూడు గళ్ళు చూడగానే నా చేతులు ఆగిపోయాయి.

బస్టాండు వెనక వీడియో గేముల దుకాణం నీకు గుర్తుంది కదా! బడి వదలగానే అన్న అక్కడికే పోయేవాడు. నేనూ వస్తానంటే అమ్మ చీపురు అందుకునేది. "ఆడివిల్లవు, గా పోరగాళ్ల నడుమకు ఎట్ల పోతవే" అనేది. అన్న ఇంటికి వచ్చి నా చెవిలో చెప్పేవాడు: "ఊర్మీ, ఇయ్యాల గూడ నీ పేరే మీదికెక్కిచ్చిన." తన పేరు పెట్టుకోకుండా నా పేరులోని యూ, ఆర్, ఎం పెట్టేవాడు. నేను గడప దాటకపోయినా నా పేరు ఆ దుకాణం మిషన్ మీద అందరి పేర్ల కంటే పైన ఉండేది. నేను మాత్రం దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నువ్వు అప్పటికి చిన్నవాడివి. మీ ఇద్దరి పుస్తకాల సంచులు పట్టుకుని అన్న పక్కన నిలబడేవాడివి. నీకు వంతు ఎన్నడూ రాలేదు పాపం.

ఇప్పుడు అసలు సంగతి. వసంత వదిన ముస్తాబాద్ నుంచి వచ్చి పోయింది. ఇన్నేళ్ళుగా జాడ తెలియని అన్నతో పాటు గల్ఫ్‌లో ఒకే గదిలో ఉన్న రాజనర్సు అనే మనిషి వీర్నపల్లికి తిరిగి వచ్చాడట. అన్న పోయాడని చెప్పాడట. వదిన నమ్మింది. ఈ పెత్రమాస అమావాస్యకు నాన్నతో పాటు అన్న పేరు మీద కూడా బియ్యం ఇవ్వమని అడుగుతోంది. చావును కళ్ళతో చూసినవాడు లేడు, శవం రాలేదు, కబురు చెప్పిన ఆఫీసు లేదు. బతికున్న మనిషికి పెద్దల బియ్యం ఇస్తామా? నిన్ను కూడా అడుగుతుంది. ఇచ్చేది నువ్వే కాబట్టి నీకు ముందే చెప్తున్నా, ఒప్పుకోకు.

నీ అక్క,
ఊర్మిల

---

సిరిసిల్ల,
6 జూలై 2025

అక్కకు,

తమ్ముడు గంగాప్రసాద్ నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ మజర్ తలుపు కొట్టి కొట్టి విసిగి, ఎప్పటి లాగే కిటికీలోంచి లోపలికి విసిరి పోయాడు. సరిగ్గా చారు గిన్నెలో పడింది. చివరి పేజీ కొంచెం పసుపుగా ఉంది గానీ చదవడానికి వచ్చింది.

ఇక్కడ సేఠు బట్ట నేసే సాంచాలు బంద్ పెట్టి నెల దాటింది. నూలు రావడం లేదంటాడు. వాడ మొత్తం చప్పుడు ఆగిపోయిందని అందరూ దిగులుగా ఉన్నారు. నాకైతే చప్పుడు తేడా ఏం తెలుస్తుంది? ఇరవై ఏళ్ళు ఆ సాంచాల నడుమ నిలబడే కదా చెవులు పోగొట్టుకున్నది. కానీ కాళ్ళ కింద నేల అదరడం ఆగిపోయింది. అది మాత్రం తెలిసింది. పొద్దున లేవగానే నేల మీద కాలు పెడితే ఏదో పోయినట్టుంటుంది. ఒంటరి మనిషిని, తిండికి తిప్పలు లేవు. పొద్దు పోవడమే కష్టం.

ఆ ఆట గురించి రాశావు. సంచులు మోసినవాణ్ని, నాకేం తెలుస్తుంది! అన్న ఆడుతుంటే చూసింది చెప్తాను. ఒక పక్క అంచున ఒక గడి వెడల్పు ఖాళీ వదులు, ఎంత ఆశ పుట్టినా అందులో ఏదీ వెయ్యకు. పొడుగు ఇటుక వచ్చినప్పుడు నిలువుగా దించితే నాలుగు వరుసలు ఒక్కసారే పోతాయి. అది రావడం ఆలస్యమైతే భయపడకు.

రాజనర్సు నా దగ్గరికి కూడా వచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదాలు చూస్తూ విన్నాను. "పనిల ఉండంగనే రొమ్ము పట్టుకొని కూలవడ్డడు. అంబులెన్సుల తీస్కపోయిండ్రు. మేం కంపెనీ ఇడిసిపెట్టి ఎల్లినోళ్లం, కాయితాలు లేనోళ్లం, ఎంట పోతే మమ్ముల గూడ పట్టుకుందురు. తెల్లారి ఎవల నడిగినా ఆన్నే పూడ్చిండ్రనే చెప్పిండ్రు" అన్నాడు. నేను తప్పు చదివానేమోనని మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ అదే మాట. చెప్తూ ఏడ్చాడు. అబద్ధానికి ఎవడూ అట్లా ఏడవడు అక్కా.

వదిన ఎన్నేళ్ళని ఇట్లా ఉంటుంది? నువ్వు కోపానికి వస్తావని తెలుసు. అయినా ఒకసారి ఆలోచించు.

తమ్ముడు,
ప్రసాద్

---

కోరుట్ల,
27 జూలై 2025

ప్రసాదుకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నా. చెవులతో పాటు నీకు రక్తసంబంధం కూడా పోయిందా? ఈ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే కాగితం ఖరాబవుతుంది, ఉండనీ.

ఎవడో ఏడ్చాడని అన్నను చంపేస్తావా? నాన్న పోయినప్పుడు నిన్ను ఎవరు సాకారు? నీ మొదటి సాంచా పని ఎవరు మాట్లాడి పెట్టారు? కాయితాలు లేని మనిషి ఫోన్ చేస్తే పట్టుబడతాడు. అందుకే చెయ్యడం లేదు. ఇది నేను మొదటి నుంచి చెప్తూనే ఉన్నాను, ఎవరూ వినరు. మీ బావ కూడా నాతో వాదించడం మానేసి ఆటో తీసుకుని బయటికి పోతాడు.

ఇంకొక సంగతి విను. అన్న బతికే ఉన్నాడు. ఇది నా ఆశ కాదు. నాకు గుర్తు దొరికింది. ఏం గుర్తు, ఎక్కడ అని అడగకు. కిందటిసారి ఎవరిదో విదేశీ ఫోన్ వస్తే అన్నదేనని వాడంతా చెప్పుకుని ఎంత నవ్వులపాలయ్యానో నీకు తెలుసు. ఈసారి గట్టిపడేదాకా చెప్పను. వారం వారం చూస్తున్నాను. ఉన్నాడు.

బియ్యం మాట ఎత్తావా, నా మీద ఒట్టే. వేములవాడ రాజన్నకు కోడె కడతానని మొక్కుకున్నాను. అన్న వచ్చాక అందరం పోయి కడదాం.

నీ సలహా బాగా పనిచేసింది. అంచున గడి ఖాళీ వదులుతున్నాను. పొడుగు ఇటుక రాదు, వస్తే నేను కంగారులో అడ్డంగా పడేస్తాను.

అక్క,
ఊర్మిల

---

సిరిసిల్ల,
5 ఆగస్టు 2025

అక్కకు నమస్కారాలు.

కోపం చల్లారిందనుకుంటాను. చల్లారకపోతే ఈ ఉత్తరాన్ని రెండు రోజులు ఆగి చదువు.

గుర్తు దొరికిందన్నావు. ఏ సోదెమ్మ దగ్గరికి పోయావు? ఈ మధ్య బస్టాండుల దగ్గర చెంబులో నీళ్ళు చూసి దూరదేశంలో ఉన్న మనుషుల జాడ చెప్పేవాళ్ళు తిరుగుతున్నారని విన్నాను. విన్నాను అంటే చదివాను. వాళ్ళకు మన ముఖం చూస్తేనే ఏం వినాలనుకుంటున్నామో తెలిసిపోతుంది. ఆడపిల్ల చదువుకుంటున్న ఇంట్లో ఇవి వద్దు అక్కా.

వదిన సిరిసిల్లకు వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా గుమ్మంలోనే కూర్చుంది. నేను పెదాలు చూడాలని ముఖం ఎత్తి, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. "పండుగత్తే బొట్టు పెట్టి పసుపు రాస్తరు, ఎవల కోసమని రాయించుకోవాలె? ముత్తయిదువలల్ల కూసుంటే కొందరు సూసీ సూడనట్టు లేస్తరు. అటు కూసునేటట్టు లేదు, ఇటు కూసునేటట్టు లేదు. మనిషి పోయినందుకు ఏడ్సెతందుకు గూడ నాకు ఒక దినం లేకపాయె ప్రసాదూ" అంది. ఈ మాటలు నేను చూశాను కాబట్టి తల పక్కకు తిప్పుకోవడానికి కూడా లేకపోయింది. వినేవాళ్ళకైతే ఆ వీలుంటుంది.

నీ ఒట్టు నా మెడకు చుట్టుకుంది. ఒట్టు తీసెయ్యి.

ఇక్కడ వానకు ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. గూట్లో పెట్టుకున్న సామాను కొంత పాడైంది. పెద్ద నష్టం కాదు. నాకు కొంచెం బెంగగా ఉంది, అంతే.

ప్రసాద్

---

కోరుట్ల,
26 ఆగస్టు 2025

తమ్మీ,

దండాలూ దీవెనలూ తరువాత. తొందరలో రాస్తున్నా, అక్షరాలు ఎట్లా ఉన్నా చదువుకో.

సోదెమ్మ కాదు, చెంబు కాదు. ఆ ఆటలో చూశాను. వారంలో ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. సోమవారం తుడిచేసి మళ్ళీ మొదలుపెడుతుంది. జూలైలో ఒక రోజు అన్నింటికంటే పైన యూ ఆర్ ఎం అని ఉంది. నేను పెట్టలేదు. నేను ఆడితే కింద నుంచి కూడా కనపడను. నలభై నాలుగేళ్ళు వచ్చాక నా పేరు మీద ఉండడం మొదటిసారి చూశాను. ఆ వారం అంతా ఉంది. తరువాతి వారం తుడిచేశాక మళ్ళీ వచ్చింది.

అక్షితకు చూపిస్తే, "అమ్మా, గా మూడు అచ్చరాలు దునియల ఎవలన్న పెట్టుకుంటరు" అంది. పెట్టుకుంటారు. కానీ ఎవరు పెట్టుకుంటారు? ఆ సంగతి తెలిసింది అన్నకూ నాకూ. నీకూ తెలుసు గానీ నీకు ఫోన్ లేదు, ఆట రాదు. అన్న నోటితో చెప్పలేక ఇట్లా చెప్తున్నాడు. పట్టుకునేవాళ్ళకు తెలియకుండా, నా ఒక్కదానికే తెలిసేటట్టు.

నేను ముస్తాబాద్ పోయి వదినకు చెప్పేశాను ప్రసాదూ. నీ ఉత్తరంలో ఆమె మాటలు చదివాక చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె మొదట నమ్మలేదు. ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసింది. తెల్లవారి బట్టల సంచితో వచ్చి మా ఇంట్లోనే ఉంది. బజారుకు పోయి చేతుల నిండా గాజులు వేయించుకుంది. సాయంత్రం కాగానే ఇద్దరం ఫోన్ నడుమ పెట్టుకుని కూర్చుంటున్నాం. నవ్వడం కూడా మొదలుపెట్టింది.

ఇప్పుడు రెండు వారాలుగా ఆ పేరు లేదు. రోజూ చూస్తున్నాం. మొత్తం పైనుంచి కిందిదాకా వెతుకుతున్నాం. లేదు. అన్నకు ఏమో అయింది. జబ్బు చేసిందో, పట్టుకున్నారో. వదిన అన్నం ముట్టడం లేదు. నువ్వు వెంటనే రా. గల్ఫ్ సంఘం వాళ్ళ దగ్గరికి పోదాం, ఎక్కడికంటే అక్కడికి పోదాం. బతికున్నాడని తెలిశాక పోగొట్టుకుంటే నేను తట్టుకోలేను.

నీ అక్క

---

సిరిసిల్ల,
3 సెప్టెంబర్ 2025

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. వదిన పక్కన లేనప్పుడు చదువు.

ఆ పేరు పెట్టింది నేను.

నా దగ్గర ఫోన్ ఉంది. సాంచాలు బంద్ అయిన కొత్తలో పాతది ఒకటి కొన్నాను. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు ఉత్తరాలు మానేస్తావు. అందరిలాగే మాటలు రికార్డు చేసి పంపుతావు, పొద్దున్నే పూల బొమ్మలు పంపుతావు. నాకు ఈ లోకంలో పూర్తిగా వినపడేది నీ ఉత్తరం ఒక్కటే. తిట్టినా, ఆకు బాగాలేదని రాసినా, చదువుతుంటే నీ గొంతే వినపడుతుంది. చెవులు ఉన్నప్పటి గొంతు. దాన్ని పోగొట్టుకోలేక దాచాను. ఇందులో ఇంత పెద్ద కీడు ఉందని నాకు తెలియదు.

ఆ ఆటకు చెవులతో పని లేదు. కళ్ళూ వేళ్ళూ ఉంటే చాలు. నువ్వు దాని గురించి రాశావని వెతికి పెట్టుకున్నాను. మొదటి రోజే వేళ్ళు వాటంతట అవే తిరిగాయి. నాకే ఆశ్చర్యమైంది. నాకు వంతు రాలేదన్నావు. అన్న ఎన్ని ఆటలు ఆడాడో అన్నీ నేను పక్కన నిలబడి లోపల ఆడాను కదా! ఆట అయిపోయి మూడు గళ్ళు వచ్చినప్పుడు నా పేరు పెట్టాలని నాకు తోచనే లేదు. ఆ ఆట నీ పేరుతోనే ముగుస్తుందని చిన్నప్పటి నుంచి నా లెక్క. నువ్వు చూస్తే ఎవరు పెట్టారని ఉత్తరంలో అడుగుతావనీ, నేను నాలుగు వారాలు ఏడిపించి చెప్దామనీ అనుకున్నాను. నువ్వు అడగలేదు. గుర్తు దొరికిందని రాసినప్పుడు కూడా నా బుర్రకు తట్టలేదు. సోదెమ్మ అనుకుని నీకు నీతులు చెప్పాను.

వానకు పాడైన సామానులో ఫోన్ కూడా ఉంది. అందుకే అప్పటి నుంచి పేరు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అంటే కొత్తగా ఏమీ కాలేదు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఇంకో ఫోన్ కొని మళ్ళీ ఆ పేరు పెడితే మీరిద్దరూ అన్నం తింటారు. ఒక్క పూట కూర్చుంటే అయిపోయే పని. ఎన్నేళ్ళైనా పెట్టగలను. దుకాణం దాకా పోయాను కూడా. వదిన గాజులు గుర్తుకొచ్చి తిరిగి వచ్చాను. నేను బతికినన్ని రోజులు ఆమెను ఆ ఫోన్ ముందు కూర్చోబెట్టే హక్కు నాకు లేదు.

అన్న లేడు అక్కా. నాకూ ఆయన తప్ప ఎవరున్నారు? నన్ను ఎంతైనా తిట్టు. వదినకు మాత్రం నువ్వే చెప్పు. నా ఉత్తరం చదివి వినిపించినా సరే.

ప్రసాద్

---

సిరిసిల్ల,
14 సెప్టెంబర్ 2025

అక్కా,

జవాబు రాలేదు. మజర్‌ను రోజూ అడుగుతున్నాను. నన్ను చూడగానే దూరం నుంచే చెయ్యి ఊపుతున్నాడు, లేదని.

ఒట్టు నువ్వు తీసినా తీయకపోయినా పెత్రమాస నాడు పొద్దున బస్సుకు వస్తున్నాను. తలుపు తీయకపోతే అరుగు మీద కూర్చుంటాను. నువ్వు లోపలి నుంచి ఎంత తిట్టినా నాకు వినపడదు, అదొక సుఖం.

ప్రసాద్

---

కోరుట్ల,
22 సెప్టెంబర్ 2025

తమ్ముడు ప్రసాదుకు,

అక్క ఊర్మిల దీవెనలు. క్షేమంగా చేరావనుకుంటాను. నిన్న నువ్వున్నంతసేపు నేను నీతో ఏమీ మాట్లాడలేదు. ముఖం తిప్పుకునే అన్నం పెట్టాను. నోట్లో గొణుక్కున్నది నా పెదాల మీద ఎక్కడ చదివేస్తావోనని భయం. అందుకే ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన రోజు నీ మీద వచ్చిన కోపం ఇంత అంత కాదు. రాజనర్సు చెప్పినప్పుడు అన్న పోలేదు, నువ్వు చెప్పినప్పుడే పోయాడు. ఆ పేరు పెట్టింది నువ్వని తెలిసి నాకు సంతోషం కావాలి కదా? నా పేరు తలుచుకునే తోడబుట్టినవాడు ఒకడు సిరిసిల్లలో ఉన్నాడని. కాలేదు. వాడే ఎందుకు, అన్న ఎందుకు కాకూడదు అనిపించింది. ఇది నీకు రాయడం తప్పే. కానీ నీకు నా గొంతు కావాలన్నావు, ఇదీ నా గొంతే. ఇప్పుడు అట్లా లేదు. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

వదినకు నేనే చదివి వినిపించాను. చివరిదాకా వింది. "గట్లనా" అంది. లేచి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. అప్పటికి పెత్రమాస ఇంకా చాలా దూరం ఉంది. "ఇప్పటి సంది ఎందుకు వదినా" అంటే, "కడుపునిండ తినేటోడు, మంచిగ ఉండాలె" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడ్చే దినం ఆమెకు అట్లా వచ్చింది.

నిన్న గుడి దగ్గర జనం ఎంత ఉన్నారో నువ్వు చూశావు. అయ్యగారికి ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. నాన్న పేరూ తాత పేరూ నువ్వే చెప్పావు, ఏటా చెప్పేవే కాబట్టి. ఆ తరువాత ఆయన తల ఎత్తకుండానే "ఇంకెవరి పేరు మీద?" అని అడిగాడు. నీకు తెలియలేదు. బియ్యం పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడ్డావు. ఆయన వదిన దిక్కు చూశాడు. ఆమె తల వంచుకుంది. పెళ్ళయిన నాటి నుంచి భర్త పేరు నోటితో అన్నది లేదు, రేషన్ కార్డు రాసేవాళ్ళు అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేది. ఆ పూట కూడా ఆమెకు నోరు రాలేదు. వెనక జనం తోస్తున్నారు. అప్పుడు నువ్వు తిరిగి నా ముఖం చూశావు. నేను ఆగాను.

ఆ తరువాత నా నోరు కదలడం నీకు కనపడిందో లేదో. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకున్నావు, చూసి ఉండవు. మహిపాల్ అన్నాను. గొంతు రాలేదు. "ఎవరూ?" అని అయ్యగారు మళ్ళీ అడిగాడు. ఈసారి గుడిలో అందరికీ వినపడేటట్టు అన్నాను. నీకొక్కడికే వినపడలేదు కాబట్టి రాస్తున్నాను.

నీ అక్క,
ఊర్మిల